ఉప్పు మానేశాం... నూనె తాగాం... కొర్రలు వండాం!

పాతికేళ్లుగా తెలుగువాళ్లు ఆరోగ్యం కోసం చేయని ప్రయోగం లేదు. అయినా ‘ఆరోగ్యంగా ఉన్నారా?’ అంటే గట్టిగా ఔననేవాళ్లు తక్కువే. పళ్లెంలో ఇంతగా వెతుకుతున్నాం సరే, పళ్లెం బయట ఏముందో చూశామా?

బెజవాడలోనో, కూకట్‌పల్లిలోనో ఓ మధ్యతరగతి ఇంట్లో వంటింటి అటక మీద సామాను దింపి చూడండి. అట్టడుగున మొలకలు కట్టుకునే ప్లాస్టిక్ డబ్బా, పక్కనే మూత పోయిన జ్యూసర్. దాని మీద గానుగ కొబ్బరినూనె ఖాళీ క్యాన్లు. ఆ పైన రబ్బరుబ్యాండు చుట్టిన అరికెలు, ఊదలు, అండుకొర్రల ప్యాకెట్లు. కొన్నిటికి పురుగు పట్టేసి ఉంటుంది. అన్నిటికంటే పైన, ఈమధ్యే కొన్న ఎయిర్ ఫ్రైయర్ అట్టపెట్టె. ఆ ఇంట్లో ఏ కాలంలో ఎవరి మాట నడిచిందో వేరే ఎవరినీ అడగక్కర్లేదు.

మొదట వచ్చింది ఉప్పు లేని కాలం. మంతెన సత్యనారాయణరాజు టీవీలో నవ్వుతూ, నింపాదిగా చెబుతుంటే రాష్ట్రం మొత్తం విన్నది. ఉప్పు, నూనె, పంచదార వద్దు. లేవగానే కడుపు నిండా నీళ్లు, తర్వాత పచ్చికూరల రసం, మొలకలు, చీకటి పడకముందే పళ్లతో భోజనం సరి. కృష్ణా కరకట్ట మీది ఆయన ఆశ్రమానికి వెళ్లొచ్చిన పెద్దమనుషులు పెళ్లిళ్లకు కూడా సొంత క్యారియర్‌తో వచ్చేవారు. ఆవకాయ జాడీ ఉన్న ఇంట్లో చప్పిడి కూర తినడమంటే చిన్న తపస్సు కాదు.

ఆ తర్వాత 2017–18 ప్రాంతంలో గాలి పూర్తిగా తిరగబడింది. వీరమాచనేని రామకృష్ణ వచ్చి నూనెకు పట్టం కట్టారు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం బంద్, పళ్లు బంద్. సభలకు జనం విరగబడ్డారు, డాక్టర్లు టీవీ చర్చల్లో తలపట్టుకున్నారు. నిన్నటిదాకా పోపులో నూనె చుక్కను లెక్కపెట్టిన ఆవిడే పొద్దున్నే కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని కళ్లు మూసుకుని మింగింది. అదీ చల్లారుతుండగానే మైసూరు నుంచి ఖాదర్ వలీ మాట వినిపించింది. ప్రొద్దుటూరులో పుట్టిన ఈ శాస్త్రవేత్త కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, అండుకొర్రలు అనే అయిదు ధాన్యాలను సిరిధాన్యాలన్నారు. రోజుకో ఆకు కషాయం తోడైంది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కొర్రలకు ఇంతకంటే మంచి రోజులు ఎప్పుడూ లేవు.

ఒకరు పళ్లు తినమంటే మరొకరు ముట్టుకోవద్దన్నారు. ఒకరు నూనె చుక్క వద్దంటే మరొకరు గ్లాసుతో పోశారు. మరి ముగ్గురి దారిలోనూ ఒళ్లు తగ్గినవాళ్లు, షుగరు దిగినవాళ్లు మన బంధువుల్లోనే కనిపిస్తారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఎలా సాధ్యం?

మూడు పద్ధతుల్లో ఏం పెట్టారన్నది పక్కనపెట్టి, ఏం తీసేశారో చూడండి. మూడింట్లోనూ పోయినవి ఒకటే: మైదా, మిఠాయిలు, కూల్‌డ్రింకులు, సాయంత్రం బజ్జీలు, రాత్రి పదకొండింటి బిర్యానీ. గుట్టగా పెట్టుకునే తెల్లన్నం మూడింట్లోనూ పోయింది. దాంతో బరువు తగ్గింది, బరువుతో పాటు షుగరూ దిగింది. 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన బ్రిటన్ ప్రయోగం ఈ సంగతే చెప్పింది. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 క్యాలరీల ద్రవాహారం ఇచ్చి, తర్వాత నెమ్మదిగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహం గీత కింద ఉన్నారు. పదిహేను కిలోలకు పైగా తగ్గినవాళ్లలోనైతే 86 శాతం. అక్కడ కొర్రలూ లేవు, కొబ్బరినూనే లేదు.

ఇంకోటి కూడా ఇచ్చారు ఈ గురువులు. మనిషికి పట్టించుకునే మనిషిని ఇచ్చారు. ఆస్పత్రిలో డాక్టరుగారు మొహమెత్తి చూసే లోపు టోకెన్ నంబరు మారిపోతుంది. ఇక్కడ గంటలకొద్దీ ప్రసంగం, వాట్సాప్ గ్రూపు, ‘ఈరోజు ఎంత తగ్గావు వదినా’ అని అడిగే తోటివాళ్లు. ఆ తోడు పోయాక ఏ డైటూ ఎక్కువ రోజులు నిలవదు. అటక నిండింది అందుకే. ఒక్క జాగ్రత్త మాత్రం ముగ్గురి అభిమానులకూ చెప్పాలి: షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతూ ఒక్కసారిగా తిండి మార్చేస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది. మోతాదు మార్చేది డాక్టరే.

దంచిందెవరు?

‘మా తాతలు కొర్రలు, జొన్నలు తిని రాయిలా ఉండేవారు’ అనేది ఇప్పుడు ప్రతి మిల్లెట్ కొట్టులోనూ వినిపించే మాట. తాతల మాట సరే, నానమ్మ సంగతేమిటి? కొర్రల పైపొట్టు గట్టిది, గింజ చిన్నది. తెల్లారుజామున లేచి రోట్లో దంచి, చేటతో చెరిగి, మళ్లీ దంచి, అప్పుడు పొయ్యి వెలిగించాలి. ఆ చాకిరీ అంతా ఆడవాళ్లదే. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు రాయలసీమలో, తెలంగాణలో పండగనాడే కనిపించే వరి అన్నం నిత్యం పళ్లెంలోకి వచ్చింది. జొన్న చేలు తగ్గాయని ఇవాళ బాధపడేవాళ్లు, ఆ బియ్యం ఎన్ని చేతుల్ని రోకలి నుంచి తప్పించిందో కూడా లెక్కలో వేయాలి. పేదవాడి తిండిగా ఈసడించిన కొర్రలే ఇవాళ సూపర్‌మార్కెట్లో సన్నబియ్యం ధరను దాటి కూర్చున్నాయి. కూలికెళ్లే మనిషి బియ్యం తింటుంటే, కారులో వచ్చినాయన కొర్రలు కొంటున్నాడు.

చిరుధాన్యాలకు ఈ మోజు రాకముందే వాటిని కాపాడినవాళ్లు వేరే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత చిన్న రైతులు, బీడు భూముల్లో విత్తనం నిలబెట్టారు. వాళ్లకు ఆ పంట డైట్ ప్లాను కాదు, ఏడాది తిండి, పశువులకు మేత. రాగులు, కొర్రలు మంచి తిండే. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది నామమాత్రం. కానీ కొర్రల్లోనూ ఎక్కువ భాగం పిండిపదార్థమే. రెండు పళ్లేల కొర్రన్నం తిని షుగరు తగ్గలేదంటే తప్పు కొర్రలది కాదు. ‘షుగర్ ఫ్రీ బియ్యం’ అని అమ్మే రకాలదీ ఇదే కథ. గ్లైసీమిక్ సూచీ కొంత తక్కువ, అంతే. షుగరు లేని బియ్యం భూమ్మీద లేదు.

ఈ తగువంతా తీర్చగల సంస్థ మన ఊళ్లోనే ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాద్ చేరిన జాతీయ పోషకాహార సంస్థ. తార్నాక దారిలో వెళ్లేవాళ్లు బోర్డు చూసే ఉంటారు. అది 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు 17. రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు, ఉప్పు 5 గ్రాముల లోపు, పప్పు తప్పనిసరి. ఇందులో మహిమలేవీ లేవు కాబట్టి సభలు జరగవు.

బోర్డర్‌లో ఉన్నారు

‘మీకు బోర్డర్‌లో ఉంది.’ ల్యాబు రిపోర్టు చేతిలో పెట్టి ఈ ముక్క చెప్పాక ఇంటికొచ్చి ప్రశాంతంగా అన్నం తిన్నవాడు లేడు. దేశంలో 2021 నాటికి 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే తేల్చింది. బీపీ 35 శాతానికి పైగా పెద్దవాళ్లలో ఉంది. భయపడాల్సిన లెక్కలే. అయితే గుమ్మం కూడా ఒకచోట ఉండదు. పరగడుపు షుగరు 140 దాటితేనే మధుమేహమనే లెక్కను 1997లో అమెరికా మధుమేహ సంఘం 126కు దించింది. 2003లో ముందస్తు దశ 110 నుంచి 100కు జరిగింది. 2017లో అక్కడి హృద్రోగ సంఘాలు బీపీ గీతను 140/90 నుంచి 130/80కి తెచ్చాయి. నిన్న పడుకునేటప్పుడు బాగానే ఉన్న మనిషి, ఒంట్లో ఏ మార్పూ లేకుండానే పొద్దున రోగిగా లేచాడు. ఇదంతా మందుల కంపెనీల మాయేనని కొట్టిపారేయకూడదు. కళ్లూ, కిడ్నీలూ ఆ పాత గీత దాటకముందే దెబ్బతినడం మొదలవుతుందని చూశాకే జరిపారు. ముందుగా తెలిస్తే ముందుగా జాగ్రత్త పడొచ్చు. జాగ్రత్త వేరు, నెలకోసారి ప్యాకేజీ పరీక్ష చేయించుకుని ఆ అంకెలతో సంసారం చేయడం వేరు.

చేతి గడియారం కొత్త డాక్టరు. డాలస్‌లో ఉండే కొడుకు పంపిన గడియారం కట్టుకుని గుంటూరులో తండ్రి బృందావన్ గార్డెన్స్ చుట్టూ తిరుగుతాడు. పదివేల అడుగులు పూర్తయితే స్క్రీన్ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడతాడు. తొమ్మిది వేల ఎనిమిది వందల దగ్గర ఆగితే రాత్రి హాల్లో సోఫా చుట్టూ తిరుగుతాడు. ఆ పదివేలు ఏ వైద్యుడూ నిర్ణయించింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో, 1965లో ఓ జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి పెట్టిన అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవమని. అంతకు మించి నడిస్తే మంచిదే. కాకపోతే ఆ గ్రూపులో బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకునే బదులు కొడుకు ఓసారి ఫోన్ చేస్తే ఆయనకు ఇంకా మంచిది.

బాటిల్ కింద ఓ గంట

నగరం వదిలి మండల కేంద్రానికి రండి. ఆరెంపీ డాక్టరుగారి ముందు గదిలో బల్ల మీద ఓ నడివయసు ఆవిడ. నాట్లేసి వచ్చింది. ‘నీరసంగా ఉంది సారూ, ఓ సెలైన్ పెట్టండి.’ గోడకు కొట్టిన మేకుకు బాటిల్ వేలాడుతుంది. చుక్కలు చూస్తూ ఆవిడ కళ్లు మూస్తుంది.

ఆ బాటిల్లో ఏముందంటే, అరలీటరు నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజ్ బాటిలైతే పాతిక గ్రాముల చక్కెర, అంటే అయిదు చెంచాలు. ఉప్పేసిన గ్లాసు మజ్జిగ, ఓ అరటిపండు అంతకంటే మిన్న. అలా అని చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు గానీ ఆవిడ కొనుక్కుంటున్నది ఉప్పునీళ్లని కాదు. పట్టపగలు గంటసేపు పడుకుంటే ఇంట్లో అడుగుతారు. బాటిల్ కింద పడుకుంటే అడగరు. ఫ్యాను గాలి, పక్కన కూర్చునే తోడికోడలు, ‘ఎట్టా ఉందమ్మా’ అని అడిగే డాక్టరు. విశ్రాంతికి ఆమె కట్టిన రుసుము అది. అనవసరంగా నరంలోకి సూది గుచ్చడం మంచిది కాదు, ఆ మాట చెప్పాల్సిందే. పొద్దున్నుంచి వంగి నాట్లేసిన మనిషికి వారానికి 150 నిమిషాల వ్యాయామం గురించి చెప్పడం మాత్రం అన్యాయం. ఆవిడకు కావాల్సింది కూర్చోవడం.

నీళ్ల సంగతి

రాయలసీమలో, తెలంగాణలో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లను నారికురుపు గురించి అడగండి. దిగుడుబావిలో నీళ్లు తాగితే కంటికి ఆనని పురుగు ఒంట్లోకి పోయేది. ఏడాదికి కాలి మీద పొక్కు లేచి, అందులోంచి మూరకు పైగా తెల్లటి దారంలాంటి పురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి, తెగితే నరకం. సరిగ్గా సాగు పనులప్పుడే మనిషి మంచాన పడేవాడు. దానికి మందు లేదు, టీకా లేదు. నీళ్లు గుడ్డతో వడకట్టడం నేర్పారు, దిగుడుబావులు మూసి చేతిపంపులు వేశారు. దేశంలో చివరి కేసు 1996లో కనిపించింది, 2000లో భారత్ విముక్తమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఏ గురువు పేరూ లేని గెలుపు కాబట్టి దీన్ని ఎవరూ తలచుకోరు. స్వాతంత్ర్యం నాడు మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70. ఆ తేడాలో నీళ్లు, టీకాలు, కాన్పు ఆస్పత్రులు, కడుపు నిండా తిండి వేసినంత వాటా ఏ డైటూ వేయలేదు.

నీళ్లే ఇంకోవైపూ చూపించాయి. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక తరం మొత్తం నడుములు వంగి, కాళ్లు వంకరపోయి బతికింది. లోతు బోర్లలో ఊరిన ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంది. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాక ఆ ఊళ్లు తెరిపిన పడ్డాయి, కానీ ఒకసారి వంగిన ఎముక మళ్లీ నిలబడదు. ఆ ఊళ్లో వాళ్లు ఉదయం ఏం తాగాలో, రాత్రి ఏం తినకూడదో ఎంత నియమంగా పాటించినా లాభం లేకపోయేది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇంకా పెద్ద ప్రశ్న. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. కొబ్బరి, జీడిమామిడి తోటలు, సముద్రపు గాలి. చూడ్డానికి కోనసీమకు తోబుట్టువు. అక్కడ షుగరూ బీపీ లేని రైతులు, కూలీలు నడివయసులోనే కిడ్నీలు పోగొట్టుకుంటున్నారు. నీళ్లా, మట్టా, ఎండలో దాహంతో చేసే పనా? ఎన్నో బృందాలు వచ్చి చూశాయి, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరుచుకున్నాయి. వంశధార నీళ్లను పైపుల్లో ఊళ్లకు పంపే పథకమూ అప్పుడే మొదలైంది. డయాలసిస్‌కు వారానికి రెండు మూడు రోజులు పోతే మిగిలిన రోజుల్లో కూలి ఎంతొస్తుందో అక్కడి కుటుంబాలు లెక్కవేసుకుంటుంటాయి.

ఎవరు ఆరోగ్యవంతులు?

1948లో అమల్లోకి వచ్చిన తన రాజ్యాంగంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోగం లేకపోవడం ఒక్కటే చాలదని, శారీరకంగా, మానసికంగా, సామాజికంగా సంపూర్ణంగా బాగుండటమే ఆరోగ్యమని రాసుకుంది. యుద్ధం ముగిసిన రోజులు, పెద్ద ఆశలు. కానీ ఆ కొలతతో చూస్తే మన వీధిలో ఆరోగ్యవంతుడు ఒక్కడూ దొరకడు. మోకాలి నొప్పో, అప్పో, అత్తగారో ఏదో ఒకటి అడ్డం వస్తుంది. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన మాక్టెల్ట్ హ్యూబర్ బృందం బ్రిటిష్ మెడికల్ జర్నల్లో దీన్ని సవరించమంది. వచ్చిన కష్టానికి తట్టుకుని, సర్దుకుని, తన బతుకు తాను నడుపుకోగలగడమే ఆరోగ్యమని వాళ్ల వాదన. నాకు ఇదే నచ్చుతుంది. రోజూ రెండు మాత్రలు వేసుకుంటూ, చేను చూసుకుని, రచ్చబండ దగ్గర రాజకీయం మాట్లాడి, రాత్రి నిద్రపోయే డెబ్బై ఏళ్ల రైతు ఆరోగ్యవంతుడే. అన్ని రిపోర్టులూ సరిగ్గా ఉండి, వాటి గురించే నిద్రపట్టని ముప్ఫై ఏళ్ల కుర్రాడి గురించి ఆ మాట అనలేను. ఒంటి మీద ధ్యాస లేకుండా పని చేసుకోగలిగిన రోజే మంచి రోజు.

ఎర్ర మాత్ర

ఇంత వెతుకులాటలో మన కళ్లెదుటే ఉండి కనిపించని జబ్బు ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు. ‘ఆడవాళ్లకి మామూలే’ అని ఇంట్లో కొట్టిపారేసే లక్షణాలు ఇవే. మనం డైట్ల గురించి ఇంత మాట్లాడతాం గానీ, ఆ డైటు వండిన మనిషి చివర్న గిన్నె అడుగున మిగిలింది తింటోందని గమనించం. కొర్రన్నం ఆయనకు, నిన్నటి అన్నం ఆవిడకు.

దీనికి విరుగుడులో సగం తెలుగువాడి చలవే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు యవ్వనంలో స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో చావు అంచుదాకా వెళ్లారు. అదే జబ్బు సోదరులను తీసుకుపోయింది. ఆయన్ని కోలుకునేలా చేసింది ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందు. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లీ పరిశోధనశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూలో ఒంటికి కొరవడేవాటిలో అదీ ఒకటి. ఇవాళ ఆశా కార్యకర్త చేతిలో పెట్టే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఆ మాత్రలు బీరువా మీద అట్టలు అట్టలుగా మూలుగుతుంటాయి. ‘వికారంగా ఉంటోంది, విరేచనం నల్లగా అవుతోంది’ అని మానేస్తారు. నల్లగా కావడం ఇనుము వల్లే, భయం లేదు. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీ, కాఫీలతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నిమ్మరసంతోనో జామకాయతోనో వేసుకుంటే బాగా పడుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో ఓ పని చేయండి. నాన్న షుగరెంతో, బాబాయి కొలెస్ట్రాల్ ఎంతో అందరికీ కంఠతా వచ్చే ఉంటుంది. అమ్మ హిమోగ్లోబిన్ ఎంతో అడగండి. ఇంట్లో అంట్లు తోమే అమ్మాయిదీ అడగండి. తెలియదంటే రేపు సోమవారం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తెరిచే ఉంటుంది. గర్భిణి కాని మహిళకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. అక్కడ పరీక్ష ఉచితం, మాత్రలూ ఉచితం.